ఫ్లెక్సీ మీద మిగిలిన చోటు

మా ముగ్గురినీ కలిపి ర్యాప్ గ్రూపు అని మొదట అన్నది మేమే. తరువాత కూడా మేమే అన్నాం. ఇంకెవరూ అనలేదు. విజయనగరంలో మా వీధివాళ్ళు మమ్మల్ని "ఆ గొణుక్కునే కుర్రోళ్ళు" అనేవారు. అదే నిజానికి దగ్గర. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందన్న సామెతను పెద్దవాళ్ళు మాలాంటివాళ్ళని చూసే పుట్టించి ఉంటారు.

ఆ రోజులు తలుచుకుంటే కొందరికి మురిపెం వస్తుందట. నాకు ఒళ్ళు మండుతుంది. ముందు షావుకారి కొడుకు మీద మండుతుంది. తరువాత ఊరంతా వేలాడే ఫ్లెక్సీల మీద మండుతుంది. ఆ మంట చివరికి ఎవరి దగ్గరికి చేరుతుందో నాకు తెలుసు. అందుకే అక్కడిదాకా పోనివ్వకుండా ఇన్నాళ్ళూ ఏదో ఒక పని కల్పించుకుని తప్పించుకున్నాను. ఈసారి పోనిస్తాను.

నేను ఫ్లెక్సీ కొట్టులో డిజైనర్ని. డిజైనర్ అంటే పెద్ద మాటే. ఫొటోలోంచి తలకాయ కత్తిరించి, వెనక సూర్యకిరణాలు పెట్టి, కింద శుభాకాంక్షలు అని కొట్టడం నా విద్య. బారసాలకీ అవే కిరణాలు, చెవులు కుట్టించడానికీ అవే కిరణాలు, పెద్దకర్మకీ అవే కిరణాలు. మా ఊళ్ళో ఏ సంగతైనా ఫ్లెక్సీ మీద పడితేనే జరిగినట్టు. పడకపోతే జరగనట్టే. ఒకసారి పెద్దకర్మ ఫ్లెక్సీ చేయించడానికి వచ్చిన పెద్దమనిషి నా చెవి దగ్గర వంగి, "సంతాపం తెలిపేది నేను గదా బాబూ, నన్ను కొంచెం పెద్దగా ఎయ్యి," అన్నాడు. వేశాను. చనిపోయినాయన కన్నా పెద్దగా వచ్చాడు. ఇంట్లోవాళ్ళు కూడా ఏమీ అనలేదు, డబ్బిచ్చింది ఆయనే కదా!

ఆ కొట్టులో ఉన్న మంచి వస్తువు కంప్యూటరు ఒక్కటే. మా ఓనరు మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళితే ఒక కునుకు తీసి మూడున్నరకి గానీ రాడు. ఆ రెండు గంటలూ నేను బీట్లు కట్టేవాణ్ణి. పక్కన ప్రింటింగ్ మిషను కిర్రుకిర్రుమంటూ ఎవరిదో మీసం అచ్చువేస్తుంటే, నేను చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని డప్పు ఎక్కడ పడాలో చూసుకునేవాణ్ణి. బాగానే కట్టేవాణ్ణి. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గు లేదు. సిగ్గుపడాల్సినవి వేరే ఉన్నాయి.

ఇక షావుకారి కొడుకు. వాళ్ళది బెల్లం, చింతపండు హోల్‌సేల్ కొట్టు. గ్రూపులో మైకు వాడిది, కాబట్టి గ్రూపు వాడిది. పుట్టినప్పటినుంచీ గల్లాపెట్టె వెనక ఫ్యాను కింద పెరిగినవాడు, పాటలో మాత్రం రోడ్డు మీద పెరిగాడు. బతుకులో ఒక్క బస్తా ఎత్తలేదు, ఎత్తుతున్నవాణ్ణి చూసినా పక్కకి జరిగేవాడు. ఇంట్లో అసలు బంగారు గొలుసు బీరువాలో పెట్టి, గిల్టు గొలుసు వేసుకుని తిరిగేవాడు. అదేమిట్రా అంటే "లుక్ బ్రో" అనేవాడు. ఎవరు కనిపించినా బ్రో. వాళ్ళ నాన్ననొక్కణ్ణే అనలేదు, అంటే చెంప పగులుతుంది కనక.

వాడి చరణం మొత్తం ఆకలి గురించే. లారీలో ఉడకడం తన వల్ల కాదని ఇంట్లోనే ఏసీ గదిలో కూర్చుని రికార్డు చేసి పంపాడు. ఆకలికి పేగులు అరిచాయి అనే చోట వెనక వాళ్ళమ్మగారు కొబ్బరి పచ్చడికి మిక్సీ వేసిన చప్పుడు ఉంది. నేను దాన్ని తీసెయ్యడానికి ఎంత ప్రయత్నించినా పోలేదు. ఇప్పటికీ పాటలో ఉంది, వినొచ్చు. "ఉండనీ బ్రో, నాచురల్‌గా ఉంది," అన్నాడు. అవున్రా, నీ ఆకలికి అంతకంటే నాచురల్ చప్పుడు ఇంకేముంటుంది!

లారీలో ఉడకడం అన్నాను కదా, అది మూడోవాడి పుణ్యం. అతను సాలూరువాడు. లారీలకి బాడీ కట్టే షెడ్డులో పెయింటరు. బండి వెనక తలుపు మీద అక్షరాలు, ముందు దేవుడి పేరు, పక్కన ఓనరు పిల్లల పేర్లు, అన్నీ అతని చేతివే. సాలూరులో లారీ ఆగని వీధి ఉండదు, అతని చెయ్యి పడని లారీలు కొన్నే ఉంటాయి. మా ముగ్గురిలో రాయడం నిజంగా వచ్చినవాడు అతనొక్కడే. మాకు స్టూడియోకి డబ్బుల్లేవంటే, ఆ ఉపాయం అతనే చెప్పాడు.

"లారీ క్యాబిన్‌కి మించిన గదేటి బావా? అద్దాలెత్తేసి, రెండు రగ్గులు ఏలాడదీసి కూసుంటే బయట బాంబు పడినా ఇనపడదు."

ఆదివారాలు షెడ్డుకి సెలవు. రంగు ఆరడానికి నిలబెట్టిన లారీల్లో ఒకటి చూసుకుని ఎక్కేవాళ్ళం. అగరొత్తులు గుచ్చే దగ్గర మైకు కట్టి, దానికి నా ఉతికిన మేజోడు తొడిగేవాణ్ణి. డ్రైవరు సీటులో నేను అడిగి తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌తో, వెనక పడకమీద అతను. అద్దాలు ఎత్తితే రెండు నిమిషాల్లో చెమట కళ్ళలోకి కారేది. అతను చొక్కా విప్పేసి, కళ్ళు మూసుకుని, ఒక్క గుక్కలో పాడేవాడు.

"రేకుల సెడ్డు, మజ్జానం ఎండ,
పెనం మీద అట్టు నాను.
అటేపు కాల్సి, ఇటేపు కాల్సి,
ఎవుడు తింతాడో ఎరగను."

మొదటిసారి విన్నప్పుడు రికార్డింగు ఆపడం మరిచిపోయాను. ఏడాదిగా మేమిద్దరం తుపాకులు, గ్యాంగులు అంటూ మా జిల్లాలో ఎవడూ ఎరగని సరుకు గురించి వాగుతుంటే, ఈ మనిషి ఒక అట్టు తెచ్చి మా ముఖాన కొట్టాడు. అసూయ కూడా కలిగింది. అది అప్పుడు గుర్తించలేదు, గుర్తించినా ఒప్పుకునేవాణ్ణి కాదు.

చరణం సగమయ్యేసరికి డ్రైవరొచ్చి అద్దం మీద కొట్టాడు. "దిగండెహె, లోడింగుంది నాకు," అన్నాడు. లారీ వెళ్ళిపోయింది. మిగతా సగం వచ్చే ఆదివారం ఇంకో లారీలో పాడించాను. ఆ క్యాబిన్ పాతది, రేకు మోత ఎక్కువ. అందుకే అతని గొంతు చరణం మధ్యలో ఉన్నట్టుండి ఇంకో ఊరికి వెళ్ళినట్టు వినిపిస్తుంది. షావుకారి కొడుకు దాన్ని ఎఫెక్టు అన్నాడు.

ఆ రెండో ఆదివారమే అతని మేనమామ షెడ్డుకి వచ్చాడు. అతనికి తండ్రి లేడు. చిన్నప్పటినుంచి తల్లినీ, అతన్నీ సాకింది ఈయనే. రెండు లారీలున్నాయి, రెండూ రాయపూర్ లైను. మేనల్లుణ్ణి బండెక్కించాలని ఎప్పటినుంచో చూస్తున్నాడు. చెడ్డవాడేం కాదు, మొహమాటం తెలియని మనిషి.

"ఒరే, పాటో గీటో నాకు తెలవదు," అన్నాడు మేనల్లుడితో. "ఇజీనారంలో నాలుగు మంది సూసేకాడ నీ బొమ్మ పడితే సూపించు. అప్పుడు ఏడాది నీ జోలికి రాను. నేకపోతే దసరా ఎల్లినాక బండెక్కు. సరేనా?"

"సరే మావా," అన్నాడు అతను.

ఆయన నావైపు తిరిగాడు. "ఆ బొమ్మలు అచ్చేసేవోడివి నువ్వే గదా?"

"అవునండి."

"అయితే ఇంకేటి!" అని నా వీపు మీద ఒక్కటి చరిచి నవ్వాడు.

అతను కూడా నవ్వాడు. ఏడాది దొరికితే ఇంకో పది పాటలు రాస్తానన్నాడు. అప్పటికే అయిదు రాసి షెడ్డు గోడ మీద సుద్దతో పెట్టుకున్నాడు, పైన రంగు డబ్బాలు అడ్డంగా పేర్చి దాచుకున్నాడు. బండెక్కితే అవన్నీ గోడమీదే ఉండిపోతాయి. రాయపూర్ లైనులో నిద్రే ఉండదు, ఇంక పాటేమిటి!

పాట పూర్తయింది. నిజానికి పూర్తవలేదు. దాన్ని మిక్సింగు చేయించాలి. నా బీటులో దబదబలు ఎక్కువై గొంతుల్ని మింగేస్తున్నాయి. కొత్తవలస మీదుగా విశాఖ వెళితే అక్కడ ఆ పని చేసేవాళ్ళున్నారు. దానికని ముగ్గురం కొంత దాచాం. తీరా వెళ్ళే ముందు షావుకారి కొడుకు మా కొట్టుకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"మిక్సింగ్ ఎవడింటాడు బ్రో? లాంచ్ కావాలి. మూడు లాంతర్ల జంక్షన్లో పెద్ద ఫ్లెక్సీ పడాలి. తక్కువైతే నాన్న వేస్తారు."

పాట అనేది వినేది. మేము దాన్ని చూపించాలనుకున్నాం. ప్రపంచంలో ఇంకే ఊళ్ళోనైనా ఇలాంటి బుద్ధితక్కువ ఆలోచన వస్తుందో రాదో నాకు తెలియదు, మా ఊళ్ళో వస్తుంది. పైన పటారం, లోన లొటారం. నాకు తెలిసి కూడా తలూపాను. ఫోన్లో సాలూరువాణ్ణి అడిగితే అతను కూడా ఫ్లెక్సీకే ఓటేశాడు. అతనికి మిక్సింగు విలువ తెలియక కాదు, మావ పెట్టిన షరతు అది. అతన్ని మాత్రం నేను తప్పుపట్టను.

డిజైను మొదలుపెట్టాను. షావుకారి కొడుకు నల్ల కళ్ళద్దాలతో, చేతులు కట్టుకుని, నిలువెత్తు మధ్యలో. సరే, ఊహించిందే. సాయంత్రం ఫోను, నాన్నగారి ఫొటో పెట్టకపోతే డబ్బివ్వరట. పెట్టాను. నాన్నగారిని పెట్టి బాబాయిని పెట్టకపోతే కొట్లో గొడవవుతుందట. పెట్టాను. వర్తక సంఘం అధ్యక్షుడు, కార్యదర్శి. వార్డు నాయకుడు. ఆయన్ని పెట్టాక ఆయన పైనాయన, ఆ పైనాయన. మేనత్త భర్త అలిగాడని ఆయన. ఆయన ఫొటో పాతదని మళ్ళీ కొత్తది. అందరూ తెల్ల చొక్కాలు, అందరూ దణ్ణాలు పెడుతున్నారు. ర్యాప్ పాట ఫ్లెక్సీయో, గృహప్రవేశం పిలుపో చూసినవాడు చెప్పలేడు. వీళ్ళలో ఒక్కడు కూడా పాట వినలేదు. వినిపిస్తానంటే "ఇంకోసారి బాబూ, పనుంది" అంటారు. తమ ముఖం ఎంత సైజు వచ్చిందో మాత్రం ముగ్గురు నలుగురు కొట్టుకొచ్చి, స్క్రీను మీద వేలుపెట్టి కొలిచి మరీ వెళ్ళారు.

సాలూరువాడి ఫొటో మొదటిరోజే వచ్చింది. ఎవరిదో తెల్ల చొక్కా అడిగి వేసుకుని, షెడ్డు రేకు గోడ ముందు నిలబడి తీయించుకున్నాడు. భుజాల దగ్గర చొక్కా వదులు. వెనకే మాట పంపాడు. "అందిందా బావా? నవ్వకుండా తీయించాను. మావకి పళ్ళు కనపడితే నచ్చదు." మర్నాడు ఇంకొకటి పంపాడు, ఇది కొంచెం వెలుతురులో. "ఏది బాగుంటే అదెయ్యి."

ఆఖరికి కిందవైపు కుడి మూల ఒక్క గుండ్రం చోటు మిగిలింది. షావుకారి కొడుకుకి ఫోన్ చేసి చెప్పాను. ఇంకా ఇద్దరం ఉన్నాం, ఏం చెయ్యమంటావు అని అడిగాను. మీ మేనత్త భర్తని తీసేద్దామా అని కూడా అడిగాను.

"వామ్మో, ఆయన్ని తీస్తే ఇంటికి రాడు. నువ్వో వాడో బ్రో. నువ్వే చూసుకో," అన్నాడు.

వాడు నాకు ఆజ్ఞ వెయ్యలేదు. ఈ ఒక్క విషయంలో వాడిమీద వెయ్యడానికి నేరం లేదు. ఉంటే ఎంత బాగుండేది!

అతని ముఖం పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది. తీసేసి నాది పెట్టి చూశాను. నాదీ సరిపోయింది. ఇన్నేళ్ళలో ఊళ్ళోని ప్రతి వెధవ ముఖాన్నీ నేను అచ్చువేశాను, నాది ఒక్కసారీ పడలేదు. మా అమ్మ రోజూ కూరలకి ఆ దారినే వెళుతుంది. అతనిది సాలూరు, ఈ ఊళ్ళో అతన్నెవరు గుర్తుపడతారు? బీటు నాది, కంప్యూటరు నేను పనిచేసే కొట్టుది. ఇలాంటివి అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాను. మావ మాట గుర్తురాలేదని అబద్ధం చెప్పను, వచ్చింది. ఓనరు కునుకు తీసి వచ్చి, "ఇంకా అవ్వలేదేటి? మిషను కాళీగా ఉంది," అన్నాడు. ప్రింటు నొక్కేశాను.

ఆ సాయంత్రం అతను ఫోన్ చేశాడు. "పడిందా బావా?"

"పడింది," అన్నాను. ఫ్లెక్సీ అచ్చు పడిన మాట నిజమే కదా. ఇంత తెలివి నాకు పాటలు కట్టేటప్పుడు ఎందుకు రాలేదో!

"ఆదివారం మావని తీసుకొస్తాను. మా అమ్మ కూడా వస్తానంది గానీ, బండి మీద ముగ్గురం పట్టం."

అప్పుడైనా చెప్పొచ్చు. ఇంకా నాలుగు రోజులున్నాయి. చిన్న ముక్క ఒకటి అచ్చువేసి మూలన అతికిస్తే ఎవడూ అడగడు, అలాంటి ఫ్లెక్సీ ముక్కలు మా కొట్టులో చెత్తబుట్టలో పడి ఉంటాయి. రేపు చేద్దాం, రేపు చేద్దాం అనుకుంటూ ఆదివారం దాకా తెచ్చాను.

ఆదివారం పొద్దున పదింటికి మూడు లాంతర్ల దగ్గర ఫ్లెక్సీ కట్టారు. షావుకారి కొడుకు కొబ్బరికాయ పట్టుకుని, గిల్టు గొలుసుతో సిద్ధంగా ఉన్నాడు. స్పీకరు తెచ్చి పాట పెట్టారు. అనుకున్నట్టే దబదబ తప్ప ఒక్క మాట అర్థం కాలేదు. ఆటోవాళ్ళు ఒకసారి తలెత్తి, ముఖాలు చూసి, ఎవరి పుట్టినరోజో అనుకుని తలదించుకున్నారు. వార్డు నాయకుడు వచ్చి, దండ వేయించుకుని, తన ముఖం కన్నా పక్కవాడి ముఖం పెద్దదని నావైపు ఒక చూపు చూసి వెళ్ళాడు. పాట రాసిందెవరని ఆయన అడిగితే షావుకారి కొడుకు, "అంతా మనదే సార్," అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

వాళ్ళు మోటారుసైకిల్ మీద వచ్చారు. మావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అతను ఫొటోలోని తెల్ల చొక్కానే వేసుకున్నాడు. బండి స్టాండు వేస్తూనే మావ తల పైకెత్తి, వేలు గాల్లో పెట్టి, ఒక్కొక్క ముఖం దగ్గరా ఆగుతూ వెతకడం మొదలుపెట్టాడు.

"ఇది షావుకారు... ఇదెవులు? ఇదెవులు? ఒరే, నువ్వెక్కడున్నావురా?"

అతను అప్పటికే చూసేశాడు. అక్షరాలు రాసే కన్ను అది, పైనుంచి కింది దాకా ఒక్క చూపు చాలు. అయినా రెండోసారి నెమ్మదిగా చూశాడు. కుడి మూల దగ్గర ఆగాడు. తరువాత నన్ను చూశాడు.

"తెల్లగా పడ్డావు బావా," అన్నాడు.

మావకి అర్థం కాలేదు. "నీది ఏదిరా?"

"బొమ్మలో లేను మావా. పాటలో ఉన్నాను."

మావ స్పీకరు వైపు చెవి పెట్టి విన్నాడు. దబదబ. అందులో ఎవరి గొంతు ఎవరిదో కట్టిన నాకే తెలియడంలేదు. ఆయన నా దగ్గరికి వచ్చాడు. కోపంగా ఏమీ లేడు.

"బాబూ, నువ్వు సెప్పు. ఈడి మాట నేను నమ్మను. సిన్నప్పటికాడ్నుంచి కతలు సెప్తాడు. నీ మాట నమ్ముతాను. ఈ పాట ఈడు పాడినాడా? ఈడు రాసినాడా?"

పాడాడండీ, రాశాడండీ, ఇందులో వినదగింది ఏదైనా ఉంటే అది అతనిదేనండీ. ఇంతే అనాలి. ఈ మూడు మాటలకి ఏడాది దొరుకుతుంది. అతను నావైపు చూడకుండా నేలకేసి చూస్తున్నాడు. కొబ్బరికాయ చేత్తో పట్టుకుని షావుకారి కొడుకు ఇటే చూస్తున్నాడు. మైకు వాడిది. వచ్చే పాటకి కూడా మైకు వాడిదే.

"ఉన్నాడండి," అన్నాను. "సాయం చేశాడు."

మావ తలెత్తి ఫ్లెక్సీని ఇంకోసారి చూశాడు.

"సాయమా," అన్నాడు. తరువాత మేనల్లుడి భుజం తట్టాడు. "సాయం సేసింది సాలు. పదరా."

అతను బండి వైపు నడిచాడు. నన్ను తిట్టినా బాగుండేది, ఇంటికెళ్ళి మా అమ్మకి చెప్పుకుని ఏడవడానికి నాకు ఏదైనా ఉండేది. మావ బండి స్టార్టు చేశాడు, అతను వెనక కూర్చున్నాడు. గజపతినగరం రోడ్డు వైపు తిరిగారు. దసరా దాకా కూడా ఆగలేదట. ఆ వారమే బండెక్కించాడని తరువాత తెలిసింది.

వాళ్ళు మలుపు తిరగకుండానే షావుకారి కొడుకు నన్ను కేకేశాడు. "బ్రో, రా రా, ఫ్లెక్సీ ముందు ఫొటో దిగుదాం." వెళ్ళి నిలబడ్డాను. కొంచెం నవ్వు అన్నాడు. నవ్వాను.